‘చెట్టు’ ‘చేటు’గా వినిపించిన పాట: ఒక హోమ్ రికార్డింగ్ మిక్స్ కేస్ స్టడీ

పోయిన వేసవిలో ఉప్పల్ వైపు నుంచి నలుగురు కుర్రాళ్ల బ్యాండ్ ఒకటి నా దగ్గరికి ఒక పాట తెచ్చింది. ఫైల్ పేరు చివర ‘ఫైనల్ 9’ అని ఉంది. నిడివి 4 నిమిషాల 10 సెకన్లు, టెంపో నిమిషానికి 96 బీట్లు, స్కేల్ ఎ. గాయకుడు ఫోన్‌లో చెప్పింది ఇదీ: “అన్నా, ఎవరికి వినిపించినా ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్రు, అందరు చెప్పినయి చేసినం, ఇప్పుడు మాకే పాట నచ్చుతలేదు.”

ఇళ్లలో రికార్డు చేసుకునే బ్యాండ్ల పాటలు మిక్స్ చేయడం (విడివిడి ట్రాకులను సమతూకంగా కలిపి ఒక పాట చేయడం) ఆరేళ్లుగా నా సాయంత్రం పని, పగలు వేరే ఉద్యోగం. ఈ మాట చాలామంది నోట విన్నాను కాబట్టే ఈ కేసు మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. ఇందులో అసలు సమస్య మిక్స్‌లో కంటే అభిప్రాయాలు అడిగిన తీరులో ఉంది. అడిగే పద్ధతి మార్చాక ఏం సరిచేయాలో వినేవాళ్లే వేలు పెట్టి చూపించారు, వాళ్లలో సగానికి పైగా సంగీతం తెలియనివాళ్లు. బ్యాండ్ వాళ్లు రాయమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

ముందు రికార్డింగ్ సంగతి. ఇంటి పై అంతస్తులో గది, 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, ఎత్తు కూడా 10 అడుగులే (ఈ కొలతలు గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తాయి). రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, రీపర్ సాఫ్ట్‌వేర్, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. డ్రమ్స్ ఎలక్ట్రానిక్ కిట్ మీద వాయించి మిడిగా (శబ్దం కాకుండా ఏ దెబ్బ ఎప్పుడు పడిందన్న సమాచారంగా) తీసుకున్నారు, అంత చిన్న గదిలో అది మంచి నిర్ణయం. బేస్ గిటార్ నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి. ఒక గిటార్‌కు చిన్న ఆంప్ ముందు షూర్ ఎస్ఎం57 మైకు పెట్టారు, రెండో గిటార్ ఆంప్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్‌తో చేశారు. గాయకుడు బీరువా తలుపులు తెరిచి, వాటి మీద బొంతలు వేసి, ఆ మూలలో నిలబడి పాడాడు, మే నెలలో, ఫ్యాన్ ఆపేసి. ఒక టేకులో కింది వంటింట్లోంచి కుక్కర్ విజిల్ కూడా పడింది. ఇవన్నీ లోపాలని చెప్పడం లేదు. రా ట్రాకులు వినగానే నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే వాయించడం బాగుంది, పాడడం ఇంకా బాగుంది, లెవెల్స్ ఎక్కడా పగల్లేదు. ఇంత మంచి ట్రాకుల్లోంచి ‘ఫైనల్ 9’ అంత అలసిపోయినట్టు ఎలా వచ్చిందన్నదే ప్రశ్న.

వాళ్లకు అంతకుముందు వచ్చిన అభిప్రాయాలన్నీ ఒకచోట పెట్టి పంపమన్నాను. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు వచ్చాయి. “సూపర్ రా.” “వాయిస్ వినపడట్లేదు.” “బేస్ తక్కువైంది.” “బేస్ చాలా ఎక్కువైంది, బూమ్ బూమ్ అంటుంది.” “స్టూడియో సౌండ్ లేదు.” “రెండో గిటార్ ఏది?” “ఇంకొంచెం పంచ్ కావాలి.” ప్రతి మాటకూ వీళ్లు అదే రోజు రాత్రి మిక్స్ మార్చారు. వాయిస్ వినపడట్లేదంటే వాయిస్ ఒక డెసిబెల్ పెంచారు, దాంతో గిటార్లు చిన్నబోతే గిటార్లు పెంచారు, అప్పుడు డ్రమ్స్ వెనక్కి పోతే వాటినీ పెంచారు, చివరికి అన్నీ పైకి వెళ్లి మాస్టర్ ట్రాక్ మీద లిమిటర్‌కు (శబ్దాన్ని ఒక హద్దు దాటకుండా ఆపేది) కొట్టుకుంటున్నాయి. ‘ఫైనల్ 9’ లౌడ్‌నెస్ కొలిస్తే మైనస్ 7 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ గట్టి) దగ్గర ఉంది. తొమ్మిది వెర్షన్లలోనూ వాయిస్‌కూ గిటార్లకూ మధ్య తేడా దాదాపు మొదట ఉన్నంతే ఉంది.

ఇక్కడ నా నమ్మకం ఒకటి చెప్పాలి. ‘ఎక్కడో తేడాగా ఉంది’ అని వినేవాళ్లు అన్నప్పుడు అది దాదాపు ఎప్పుడూ నిజమే. ‘బేస్ పెంచు, రివర్బ్ వెయ్యి’ అని మందు కూడా వాళ్లే రాస్తే మాత్రం అది చాలాసార్లు తప్పుతుంది. డాక్టర్ దగ్గర మనం ఎక్కడ నొప్పో చెప్తాం, ఏ మాత్ర ఇవ్వాలో చెప్పం కదా. కానీ ‘ఎలా ఉంది?’ అని అడిగితే ఎవరైనా మందే చెప్తారు, ఎందుకంటే ఆ ప్రశ్నకు ఇంకేం చెప్పాలో వాళ్లకు తెలియదు. ప్రేమ ఉన్నవాళ్లు ‘సూపర్ రా’ అంటారు, ఆ ప్రేమ లేకపోతే బ్యాండ్లు బతకవు, కానీ దాన్ని పట్టుకుని ఫేడర్ (వాల్యూం మీట) ఎటు జరపాలో తెలియదు.

అందుకని ప్రశ్నలు మార్చాం. తొమ్మిది మందిని ఎంచుకున్నాం, ముగ్గురు వాయించేవాళ్లు, ఆరుగురు ఊరికే పాటలు వినేవాళ్లు. ఒక్కొక్కరినీ అడిగింది ఇంతే: దేని మీద విన్నారో చెప్పండి, ఫోనా, కారా, ఇయర్‌ఫోన్సా. ఏదైనా ఇబ్బందిగా తగిలితే ఆ టైం రాయండి, కారణం రాయొద్దు. ఎక్కడ మీ ధ్యాస వేరే దాని మీదికి పోయిందో నిజాయితీగా చెప్పండి. ఇద్దరిని మాత్రం వేరేగా అడిగాం: మీకు వినిపించిన మాటలు వినిపించినట్టు కాగితం మీద రాయండి, అర్థం కాని చోట ఊహించకుండా ప్రశ్నార్థకం పెట్టండి. సాహిత్యం ముందుగా ఎవరికీ చూపించలేదు. ఫైల్‌ను వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాం, దారిలో నాణ్యత తగ్గకుండా.

ఆ ఇద్దరిలో ఒకరు గాయకుడి పెద్దమ్మ, హనుమకొండలో రిటైరైన తెలుగు టీచర్. ఈ మొత్తం పనిలో అత్యంత విలువైన అభిప్రాయం ఆవిడదే. ఆవిడ రూళ్ల కాగితం మీద రాసి, ఫొటో తీయించి పంపారు. పల్లవిలో మొదటి లైను గాయకుడు పాడింది ‘చెట్టు కింద పెట్టి వచ్చిన మాట’. ఆవిడ రాసింది ‘చేటు కింద పేటి వచ్చిన మాట’, పక్కన రెండు ప్రశ్నార్థకాలు. తర్వాతి లైను పాడింది ‘నిన్ను తలచి నడిచానే’. ఆవిడ రాసింది ‘నిన్న తలచి నడిచానే’, దాని పక్కన ప్రశ్నార్థకం కూడా లేదు, అంటే ఆవిడకు అది ‘నిన్న’ అనే స్పష్టంగా వినపడింది. ఫోన్ చేసి మరీ అడిగారట, “శుభమా అని పాట రాసుకొని ఈ చేటు ఏందిరా బిడ్డా?”

ఆ కాగితం చూసి నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. ఎందుకంటే ‘వాయిస్ వినపడట్లేదు’ అన్న మాటకు సరైన అర్థం అప్పుడు తెలిసింది. వాయిస్ వినపడుతోంది, మాట వినపడట్లేదు. ఈ రెండూ వేరు. వాయిస్ ఇంకో మూడు డెసిబెళ్లు పెంచినా ‘చేటు’ ఇంకా గట్టిగా ‘చేటు’గానే వినిపించేది.

రీపర్‌లో ఆ పదం దగ్గర వేవ్‌ఫామ్ జూమ్ చేసి చూశాను. ‘చె’ అనే అక్షరం దాదాపు 130 మిల్లీసెకన్లు ఉంది. తర్వాత 140 మిల్లీసెకన్ల ఖాళీ. ఆ తర్వాత ‘టు’ పేలుతుంది. ఆ ఖాళీయే మన ద్విత్వం. ‘ట్ట’ అనేటప్పుడు నాలుక అంగిలికి తగిలి ఒక క్షణం ఆగుతుంది, ఆ ఆగిన సమయంలో గొంతులోంచి ఏమీ రాదు, ఆ నిశ్శబ్దం నిడివిని బట్టే మన చెవి ‘ట’కీ ‘ట్ట’కీ తేడా కడుతుంది. ఇప్పుడు ఎఫెక్టులు చూశాను. వాయిస్ మీద స్లాప్ డిలే ఉంది, 120 మిల్లీసెకన్లు, గట్టిగానే. అంటే ‘చె’ మొదలైన 120 మిల్లీసెకన్లకు దాని ప్రతిధ్వని మొదలవుతుంది, సరిగ్గా అసలు ‘చె’ అయిపోతున్న చోట, ఇంచుమించు ఆ ఖాళీ మొత్తాన్నీ నింపేస్తుంది. ‘చె’ తర్వాత ఇంకో ‘ఎ’. హ్రస్వం దీర్ఘమైంది, ద్విత్వం మాయమైంది. చెట్టు చేటైంది, పెట్టి పేటి అయింది. దానికి తోడు రెండు సెకన్లకు పైగా సాగే ప్లేట్ రివర్బ్ (హాల్లో పాడినట్టు మోగే మోత), ప్రీ-డిలే సున్నా, అంటే మాటతో పాటే మోతా మొదలు.

మిక్సింగ్ వీడియోల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు పాటల మీద చేసినవే, ఈ సంగతి వాటిలో ఎవరూ చెప్పగా నేను చూడలేదు, చెప్పాల్సిన అవసరం వాళ్లకు రాదు. ఇంగ్లీషులో ఒక పదం లోపల హల్లును ఒత్తి పట్టినంత మాత్రాన పదం మారిపోదు. మనకు పట్టు వేరు, పాటు వేరు, మట్టు వేరు, మాటు వేరు. తెలుగులో పాడే బ్యాండ్లు అక్కడి సెట్టింగులు ఉన్నవి ఉన్నట్టు తెచ్చి పెట్టుకుంటే పదాలు చెదురుతాయి. మన పాత మోనో (ఎడమ కుడి తేడా లేని, ఒకే ఛానెల్) పాటలు, ఘంటసాల గారి కాలం నాటివి, టీ కొట్టు దగ్గర అరచేతంత స్పీకర్లో కూడా మాట మాట వినిపిస్తాయి, ఒక్క ద్విత్వం కూడా జారదు. ఆ ఉచ్చారణ ఒక కారణం, ఆ ఖాళీల్లో ఇంకేదీ పడకుండా చూసుకున్న రికార్డింగ్ ఇంకో కారణం అని నేను అనుకుంటాను.

చేసిన మార్పు చిన్నది. స్లాప్ డిలే తీసేసి, టెంపోకు తగ్గట్టు 625 మిల్లీసెకన్ల డిలే పెట్టాను, 96 టెంపోలో ఒక బీట్ అంత. ఆ డిలే మీద ఒక కంప్రెసర్ పెట్టి, దాన్ని వాయిస్‌తో నడిపించాను, అంటే గాయకుడు పాడుతున్నంతసేపూ డిలే అణిగి ఉంటుంది, లైను అయిపోయాక పైకి లేస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. కంప్రెసర్ రిలీజ్ టైం (వాయిస్ ఆగాక డిలేను వదలడానికి పట్టే సమయం) 80 మిల్లీసెకన్లు పెడితే ద్విత్వం ఖాళీలోనే డిలే మళ్లీ లేచి కూర్చుంటుంది, పాత జబ్బే తిరిగి వస్తుంది. 300 దగ్గర పెట్టాక నిలిచింది. రివర్బ్‌ను 1.2 సెకన్లకు కుదించి, 40 మిల్లీసెకన్ల ప్రీ-డిలే ఇచ్చి, రివర్బ్‌లో 300 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేశాను.

‘నిన్ను’ ‘నిన్న’ అవడానికి కారణం వేరు. మన పదాలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, ఆ చివరి అచ్చు మీద చాలాచోట్ల విభక్తి, ఎవరు ఎవరితో అంటున్నారన్నది ఆధారపడి ఉంటుంది. కానీ పాడేటప్పుడు ఊపిరి తగ్గేది కూడా సరిగ్గా అక్కడే. ఈ పాటలో ‘ను’ అక్షరం స్నేర్ డ్రమ్ దెబ్బ మీద పడుతుంది, దాని మీద క్రాష్ సింబల్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లెం) కూడా ఉంది. అసలే మెల్లగా పలికిన ‘ను’ ఆ రెండింటి కింద నలిగిపోయింది. ‘ను’ ఒక్కదానికి క్లిప్ గెయిన్ 4 డెసిబెళ్లు పెంచి, ఆ ఒక్క క్రాష్‌ను 3 డెసిబెళ్లు తగ్గించాను. పాట మొత్తంలో ఇలా పదాల చివర్లు చేత్తో పట్టుకుని లేపినవి ముప్పై దాకా ఉంటాయి, రెండు సాయంత్రాలు పట్టింది. గిటార్లలో 2.5 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య ఒక రెండు డెసిబెళ్ల లోయ చేశాను, హల్లులు స్పష్టంగా వినపడేది ఆ చుట్టుపక్కలే. గాయకుడు మైకుకు బాగా దగ్గరగా నిలబడడం వల్ల కింది స్వరాలు ఉబ్బాయి, కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకుల స్వభావమే అది, కాబట్టి 220 హెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెళ్లు తగ్గించాను. ఇవన్నీ అయ్యాక వాయిస్ మొత్తం ఫేడర్‌ను ఒక డెసిబెల్ కిందికి దించాల్సి వచ్చింది. విని డ్రమ్మర్ అన్న మొదటి మాట, “వాయిస్ పెంచినవ్ కదన్నా?”

ఇక బేస్. ఒకరు తక్కువన్నారు, ఒకరు ఎక్కువన్నారు, బ్యాండ్ వాళ్లు ఇద్దరిలో ఒకరిని కొట్టిపారేయాలనుకున్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఎక్కువన్నది బేసిస్ట్ వాళ్ల అన్నయ్య, కారులో విన్నాడు. టైం రాయమని అడిగితే 1:05, 1:15, 2:25, 3:10 అని రాసి పంపాడు. ఆయనకు స్వరాలూ కార్డులూ ఏమీ తెలియవు. ఆ నాలుగు చోట్లా ఏముందో చూస్తే నాలుగింటిలోనూ ఎ కార్డే, బేస్ గిటార్ మీద ఎ తీగ ఖాళీగా మోగుతోంది. ఆ స్వరం 55 హెర్ట్జ్. బేస్ ట్రాకు ఈక్యూ (ఏ హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంత పెంచాలో, తగ్గించాలో పెట్టేది) తెరిచి చూస్తే సరిగ్గా 55 దగ్గర 6 డెసిబెళ్లు పెంచి ఉంది.

ఎందుకు పెంచారు? ఇక్కడే ఆ గది కొలతలు పనికొచ్చాయి. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. 10 అడుగులంటే సుమారు 3.05 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య నిలబడిపోయే మొదటి తరంగం 343ను రానూ పోనూ దూరం 6.1 మీటర్లతో భాగిస్తే వస్తుంది, 56 హెర్ట్జ్. వాళ్ల గది వెడల్పూ 10 అడుగులే, ఎత్తూ 10 అడుగులే, అంటే ఒకే చోట రెండు తరంగాలు. ఆ తరంగానికి గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నా. మిక్స్ చేసే గిటారిస్ట్ స్పీకర్లు అటూ ఇటూ సమంగా ఉండాలని గది వెడల్పుకు నట్టనడుమ కూర్చున్నాడు, అందరూ కూర్చోమనేది అక్కడే. పాపం అతనికి ఎ స్వరం వినపడనే లేదు. వినపడక 6 డెసిబెళ్లు పెంచాడు. ఆ గది దాటి కారులోకి వెళ్లేసరికి ఆ ఒక్క స్వరమే డోలులా మోగింది. గదికి వెళ్లి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి 55 హెర్ట్జ్ టోన్ పెట్టి, మెల్లగా లేచి గోడ వైపు నడవమన్నాను. రెండు అడుగులు వేశాక ఆగి నా వైపు చూశాడు. గోడకు చెవి ఆనించేసరికి గదంతా నిండినట్టు వినపడింది. తర్వాత నేను ఇంకేం వివరించాల్సిన పని పడలేదు.

గోడలకు ఫోమ్ అంటిస్తే పోతుందా అని అడిగారు. పోదు. 56 హెర్ట్జ్ తరంగం పొడవు ఆరు మీటర్లకు పైనే, దాంట్లో పావు వంతు అంటే ఐదడుగులు, రెండంగుళాల ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు, ఆ డబ్బు దాచుకోండి అన్నాను. కింది స్వరాల నిర్ణయాలు మాత్రం హెడ్‌ఫోన్స్‌లోనే తీసుకోమన్నాను.

‘బేస్ తక్కువ’ అన్నవాళ్లిద్దరూ ఫోన్ స్పీకర్లో విన్నారు. ఫోన్ స్పీకర్లో 55 హెర్ట్జ్ ఎలాగూ రాదు, ఎంత పెంచినా రాదు. అందుకని బేస్ మీద కొంచెం శాచురేషన్ (మెల్లని డిస్టార్షన్) వేసి 110, 165, 220 దగ్గర దాని పై స్వరాలను లేపాను. ఆ పై స్వరాలు వినపడితే మన మెదడు కింది స్వరాన్ని తనే పూరించుకుంటుంది. 55 దగ్గర పెంచిన ఆరు డెసిబెళ్లూ తీసేశాం. తర్వాతి రౌండులో కారు అన్నయ్య నుంచి టైములేవీ రాలేదు, ఫోన్ వాళ్లలో ఒకరు బేస్ లైను గొంతుతో పాడి వాయిస్ మెసేజ్ పెట్టారు.

‘రెండో గిటార్ ఏది?’ అన్న ప్రశ్న బ్లూటూత్ స్పీకర్లో విన్నవాళ్ల దగ్గరినుంచే వచ్చింది. మోనోలో వినగానే తెలిసిపోయింది. ఒకే టేకును కాపీ చేసి ఎడమన ఒకటి, కుడిన ఒకటి పెట్టి, కుడివైపు దాన్ని 12 మిల్లీసెకన్లు ఆలస్యం చేశారు, వెడల్పు రావాలని. హెడ్‌ఫోన్స్‌లో ఎంతో విశాలంగా ఉంటుంది. రెండూ ఒకే స్పీకర్లోంచి వచ్చేసరికి 42, 125, 208, ఇలా ప్రతి 83 హెర్ట్జ్‌కు ఒక చోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, డబ్బాలో వాయించినట్టవుతుంది. దీనికి ప్లగిన్ (ఎఫెక్ట్ సాఫ్ట్‌వేర్) మందు వెతకొద్దు. గిటారిస్ట్‌ను పిలిచి అదే భాగం మళ్లీ వాయించమన్నాను, ఒక మనిషి రెండుసార్లు వాయిస్తే రెండూ ఎప్పటికీ ఒకటి కావు, అందుకే అవి కొట్టుకోవు. తొమ్మిదో టేకుకు కుదిరింది.

లౌడ్‌నెస్ గురించి బ్యాండ్‌తో కొంచెం గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. నా మొదటి వెర్షన్ పంపగానే “అన్నా, పాతదే పంచ్ ఉంది” అన్నారు. పాతది మైనస్ 7, నాది మైనస్ 12. ఐదు డెసిబెళ్లు గట్టిగా ఉన్నది ఎవరికైనా బాగానే వినిపిస్తుంది. వాల్యూం పెరిగేకొద్దీ కింది స్వరాలు, పై స్వరాలు చెవికి ఎక్కువగా అందుతాయని అమెరికాలో బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి ఏ రెండు మిక్సులు పోల్చినా ముందు వాటి లౌడ్‌నెస్ సమం చేయాలి. రెండింటినీ మైనస్ 14కు దించి, పేర్లు తీసేసి 1, 2, 3 అని మళ్లీ పంపాను. స్పాటిఫై కూడా మామూలు సెట్టింగులో మైనస్ 14కే దించి వినిపిస్తుంది, కాబట్టి శ్రోత వినేది కూడా ఇంచుమించు ఇదే.

మూడో ఫైల్ ఏమిటంటే, మొదటి ఫైలే. ఎవరికీ చెప్పలేదు. వినేవాళ్లను పట్టుకోవడానికి చేసిన పని కాదిది, ఆ రోజు ఆ చెవులు ఎంత నిలకడగా ఉన్నాయో తెలుసుకోవడానికి. వాయించేవాళ్లలో ఒకరు 1లో స్నేర్ బాగుందన్నారు, 3లో స్నేర్ పల్చగా ఉందన్నారు. తర్వాత కనుక్కుంటే రోజంతా రిహార్సల్ చేసి రాత్రి పదకొండింటికి విన్నారట. ఆ రోజు అభిప్రాయం పక్కన పెట్టి, ఆదివారం ఉదయం మళ్లీ వినమన్నాం, అప్పుడు రెండింటికీ ఒకే మాట రాశారు. లౌడ్‌నెస్ సమం చేశాక తొమ్మిది మందిలో ఏడుగురు కొత్తదాన్నే ఎంచుకున్నారు. పాతదాన్ని ఎంచుకున్న ఇద్దరిలో ఒకరు మా డ్రమ్మరే, ఆయన కారణం నాకు నచ్చింది, దాని సంగతి కింద చెప్తాను.

ధ్యాస పోయిన చోటు అడిగిన ప్రశ్నకు ముగ్గురు దాదాపు ఒకే టైం రాశారు, 1:50కీ 2:10కీ మధ్య. ఒకావిడ “అక్కడ ఫోన్‌లో మెసేజ్ చూసుకున్నాను” అని ఉన్నదున్నట్టు రాశారు, అలాంటి మాట బంగారం. అది రెండో చరణం. మిక్స్ పరంగా అక్కడ ఏ తప్పూ లేదు. మొదటి చరణంలో ఉన్నవే మళ్లీ ఉన్నాయి, రెండు గిటార్లు, అదే సింబల్, అదే బేస్. అది అరేంజ్‌మెంట్ (ఏ వాద్యం ఎప్పుడు రావాలన్న) సమస్య, ఏ ఈక్యూ దాన్ని తీర్చదు. రెండో చరణంలో మొదటి 8 బార్లు (బారుకు నాలుగు బీట్లు) ఒక గిటార్ తీసేయమని అడిగాను, 20 సెకన్లు. గిటారిస్ట్‌కు మనసు ఒప్పలేదు, తను రాత్రుళ్లు కూర్చుని రాసుకున్న భాగం అది. ఒక రోజు టైం తీసుకుని, తనే తీసేసి పంపాడు. ఆ గిటార్ మళ్లీ వచ్చే చోట ఇప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. బ్యాండ్‌లో ఇలాంటి నిర్ణయం మిక్స్ చేసేవాడు చెప్తే కష్టంగా ఉంటుంది, ముగ్గురు అపరిచితులు ఒకే టైం రాస్తే కొంచెం తేలికవుతుంది.

నేను చేసిన తప్పు కూడా రాయాలి. నా మొదటి వెర్షన్‌లో శుభ్రం చేయాలన్న పట్టుదలతో గాయకుడి ఊపిరి చప్పుళ్లన్నీ కోసేశాను, డ్రమ్స్‌ను గ్రిడ్‌కు (కంప్యూటర్ లెక్కగట్టిన బీట్ గీతలకు) పూర్తిగా అతికించాను. డ్రమ్మర్ పాతదాన్ని ఎంచుకోవడానికి కారణం అదే: “ఇది నేను వాయించినట్టు లేదన్నా.” అది మందు రాయడం కాదు, నొప్పి చెప్పడం. తన మిడి తీసి చూస్తే స్నేర్ ప్రతిసారీ గ్రిడ్‌కు ఒక 10 నుంచి 15 మిల్లీసెకన్లు వెనకే ఉంది, ప్రతిసారీ, అంటే అది పొరపాటు కాదు, అతని నడక. గ్రిడ్‌కు లాగేసరికి పాట మార్చ్‌పాస్ట్ అయిపోయింది. అసలు టైమింగ్ తిరిగి పెట్టాను, కిక్ డ్రమ్ రెండు చోట్ల మాత్రం సరిచేశాను. ఊపిర్లు కూడా వెనక్కి తెచ్చి 6 డెసిబెళ్లు తగ్గించి ఉంచాను.

పట్టించుకోని అభిప్రాయాలూ ఉన్నాయి. ‘స్టూడియో సౌండ్ లేదు’ అన్నదానికి టైం రాయమంటే ఆయన రాయలేకపోయారు, వదిలేశాం. అనుభవం ఉన్న ఒక సౌండ్ ఇంజనీరు గారు సింబల్స్ ఇంకా తగ్గించమన్నారు, ఆయన మీద గౌరవంతో తగ్గించి విన్నాం, పల్లవి నీరసపడింది, మళ్లీ పెంచేశాం. ‘మిగతావాళ్ల పాటల్లా గట్టిగా లేదు’ అన్న మాట ఇంకా వస్తూనే ఉంది, చివరి ఫైల్ మైనస్ 11 దగ్గర, ట్రూ పీక్ (శబ్దం చేరే గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపాం, అంతకు మించి వెళ్తే స్నేర్ చచ్చిపోతోంది.

చివరి వెర్షన్ పెద్దమ్మ గారికి పంపాం. ఈసారి మళ్లీ రూళ్ల కాగితమే, పైన తేదీ వేసి, కింద గీత గీసి రాశారు. ‘చెట్టు కింద పెట్టి వచ్చిన మాట’, ‘నిన్ను తలచి నడిచానే’. రెండో చరణంలో ఒక్క చోట ప్రశ్నార్థకం మిగిలింది, ‘వెన్నెల’ అని ఉండాల్సిన చోట ‘వెనెల’ అని రాసి దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. వాయిస్ ట్రాకు ఒక్కటే పెట్టుకుని విన్నాను, ఏ ఎఫెక్టూ లేకుండా. ఆవిడ రాసింది నిజమే, అతను పాడిందే ‘వెనెల’ అని. సాయంత్రం ఫోన్ చేసి చెప్తే, “పెద్దమ్మ చిన్నప్పటి నుంచి ఈ మాటకే నన్ను తిడుతదన్నా” అని, అప్పటికప్పుడు బీరువా తెరిచి, బొంతలు వేసి, ఫ్యాన్ ఆపి ఆ ఒక్క లైను మళ్లీ పాడి పంపాడు.